ఆంబ్రోస్ థేన్‌కి కళ్ళిచ్చిన బెతియా

గ్లోవర్స్ సందులో బెతియా రెన్నీకి ఎవరూ పడేవారు కాదు. ఆమె కూడా ఎవరికీ పడేది కాదు. ఏడంతస్తుల రాతి ఇల్లు, అందరికీ కలిపి ఒకటే మెట్ల వరస, ముప్ఫై కుటుంబాలు. కింది అంతస్తులో వెనకవైపు రెండు గదులు ఆమెవి. చర్చి కప్పుకి పలకరాయి వేస్తూ జారిపడి మొగుడు పోయాక, ఆమెకి మిగిలింది గోడలోకి కట్టిన పెద్ద రాగి బాన, బట్టలు పిండే మర, నాలుగు ఇస్త్రీ పెట్టెలు. వాటితోనే ఇరవై ఏళ్ళు నెట్టుకొచ్చింది. సోమవారం పొద్దున్నే ఆ బాన కింద బొగ్గు రాజుకుంటే సబ్బు ఆవిరి మూడో అంతస్తు దాకా ఎక్కేది. ఎడింబరోలోని ఆ కేనన్‌గేట్ పేటలో సారా బట్టీల పులిసిన గింజల వాసన రాని రోజు అదొక్కటే.

ఆమె దగ్గర బట్టలు వేయడానికి జనం భయపడేవారు. వేయక తప్పేది కాదు, ఎందుకంటే ఆమెలా మరక తీసేవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. మరక తియ్యడమే కాదు, అది ఎక్కడిదో ఆమెకి తెలిసిపోయేది. నాలుగో అంతస్తు లిజ్జీ డోడ్స్ సంగతే చూడండి. లిజ్జీ మొగుడు సారా బట్టీలో పనివాడు. పని పోయిన మాట ఇంట్లో చెప్పకుండా రోజూ పొద్దున్నే టోపీ పెట్టుకుని బయల్దేరేవాడు. మూడు వారాలు చూసింది బెతియా. ఆ చొక్కాల్లో గింజ వాసన లేదు. పంట్లాం వెనక మాత్రం పార్కులో పాచి పట్టిన బెంచీ పచ్చదనం. లిజ్జీ మూట తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు అంది కదా, "మీ ఆయన్ని బెంచీ మీద కాయితం వేసుకుని కూచోమను. వారం వారం ఆ పచ్చ వదిలించలేక నా చేతులు పడిపోతున్నాయి."

"ఏ బెంచీ?" అంది లిజ్జీ.

అంతే. ఆ సాయంత్రం నాలుగో అంతస్తులో పళ్ళాలు పగిలాయి. అప్పట్నించీ లిజ్జీ మెట్ల మీద ఎదురైతే మొహం గోడకి తిప్పుకునేది.

నోటి దురుసు నిజమే. కానీ ఆమెకీ ఒక కట్టుబాటు ఉండేది. చిన్నవైతే మొహం మీదే అనేసేది. పెద్దవి మాత్రం కడుపులో పూడ్చేసేది. ఎవరి దుప్పట్లో ఏ రోగం ఉందో, ఎవరి దిండు గలీబు రోజూ ఏడుపుతో తడుస్తోందో, ఆ సందులో ఆమెకి తెలియంది లేదు. అది పైకి పొక్కిన రోజూ లేదు.

నినియన్ ఫోర్డైస్ వచ్చేదాకా.

ఫైఫ్ ప్రాంతంలో ఒక పాస్టరు కొడుకతను. వైద్యం చదవడానికి పట్నం వచ్చి, బెతియా ముందు గది అద్దెకి తీసుకున్నాడు. పొడుగ్గా, ఎప్పుడూ జలుబుతో ఎర్రబడ్డ ముక్కుతో ఉండేవాడు. మొదటి వారం చొక్కాలు ఇస్తూ బెతియా యథాలాపంగా అడిగింది. "ఎడమచేత్తో కోస్తావా అబ్బాయ్, మీ కాలేజీలో శవాల్ని?"

అతను గంజి స్పూను కింద పెట్టేశాడు. "మీకెవరు చెప్పారు?"

"నీ చొక్కాయే చెప్పింది. మనిషి దాస్తాడు, బట్ట దాచదు."

అతనికి ఆ మాట ఎంత నచ్చిందంటే, అక్కడికక్కడే జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. తర్వాత అన్నాడు, "మా సర్జను గారు ఒకాయన ఉన్నారు. రోగి తలుపు దాటి లోపలికి రాగానే వాడి ఊరు, వాడి పని చెప్పేస్తారు. క్లాసంతా చప్పట్లు కొడుతుంది. మీరు అసలు మనిషే లేకుండా చెప్తున్నారు. ఎలా?"

ఎలా అని ఆమెని అంతవరకు ఎవరూ అడగలేదు. మంత్రగత్తె అన్నారు, నక్క అన్నారు, దాని కళ్ళు పేలిపోనూ అన్నారు. ఎలా తెలిసిందమ్మా అని అడిగినవాడు ఇతనొక్కడే. యాభై దగ్గర పడుతున్న మనిషికి అది కొత్త. ఎండలో ఆరేసిన ఉన్నిలా ఆమె లోపల ఏదో పొంగింది.

అలా రెండేళ్ళు. సోమవారాలు కాలేజీ ఎగ్గొట్టి బాన పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చునేవాడు. గుమాస్తా చేతి అంచుకి అంటిన సిరా ఎటువైపు పాకితే ఏమిటి అర్థం, చెప్పుకునే దుఃఖానికీ సంతాపపు నల్లబట్ట మోచేతుల అరుగుదలకీ పొంతన ఎలా కుదరదు, రక్తం మరక చన్నీళ్ళలో ఎవరు నానేస్తారు, కంగారులో వేణ్ణీళ్ళలో ఎవరు ముంచుతారు, అన్నీ చెప్పింది. అతను రాసుకున్నాడు. రాసుకుంటుంటే ఆమెకి ఇంకా చెప్పాలనిపించింది.

ఒక జనవరి సోమవారం బయట సముద్రపు మంచు కమ్మి ఉంది. అతను అడిగాడు. "మీరు కనిపెట్టినవాటిల్లో అన్నిటికంటే కష్టమైంది ఏది?"

"అది చెప్పేది కాదు."

"పేర్లొద్దు. మీ కన్ను ఎలా పట్టుకుందో చెప్పండి, చాలు."

బెతియా కర్రతో బానలో బట్టలు రెండుసార్లు తిప్పింది. తర్వాత చెప్పింది.

ఒక తల్లి. కీళ్ళ జబ్బుతో చేతులు వంకర్లు పోయి, ఇంటిల్లిపాది బట్టలూ బయటికి వేసేది. నలభై నాలుగేళ్ళ వయసులో కడుపొచ్చిందని చెప్పుకుంది. ఆ పేట పాస్టరు గారింట్లో పనికున్న పదహారేళ్ళ కూతురు ఛాతీ జబ్బని ఇంటికొచ్చి పడుకుంది. మంచు కురిసిన వారంలో ఇంట్లో ఆడపిల్ల పుట్టింది. ముసలితనంలో దేవుడిచ్చాడని మెట్ల మీది ఇళ్ళవాళ్ళంతా వెళ్ళి చూసొచ్చారు. మూడో వారం మూట వచ్చింది. అందులో ఒక లోపలి చొక్కాకి రొమ్ము దగ్గర పాలు కారి ఎండి అట్టకట్టిన మరక. అంచున ఎర్ర దారంతో కుట్టిన గుర్తు తల్లిది కాదు. కూతురిది.

ఫోర్డైస్ పెన్సిలు ఆగిపోయింది. "తర్వాత?"

"తర్వాతేముంది. ఉతికాను. మడతపెట్టి ఇచ్చాను."

అతను ఆ రోజు పుస్తకంలో రాసుకోలేదు. కనీసం ఆమె చూస్తుండగా రాసుకోలేదు. కానీ ఆ మెట్ల మీది ఇళ్ళలో నలభై దాటిన తల్లి, చంటిపిల్ల, చేతులకి కీళ్ళ జబ్బు ఉన్న ఇల్లు ఒకటే ఉంది. మూడో అంతస్తు ఐసా మొఫాట్ ఇల్లు. జ్వరాలకి మందు చూస్తూ ఆ గడపలన్నీ ఎక్కి దిగే వైద్య విద్యార్థికి ఎంతసేపు పడుతుంది?

చదువు ముగిసింది, ఫోర్డైస్ లండన్ వెళ్ళిపోయాడు. అక్కడ రోగులు రాలేదు గాని కథలు రాయడం కలిసొచ్చింది. నాలుగైదేళ్ళలో అతను కల్పించిన ఆంబ్రోస్ థేన్ అనే డిటెక్టివు పేరు ఊరూవాడా మోగిపోయింది. తెల్ల చేతితొడుగులు వేసుకునే పెద్దమనిషి. పుట్టి బుద్ధెరిగి ఒక్క రుమాలైనా ఉతికి ఎరగడు. సొమ్ము పోగొట్టుకున్నవాళ్ళ చొక్కా చూసి దొంగ ఎవరో చెప్పేస్తాడు. ఆ డిటెక్టివుకి మూలం ఎవరని పత్రికలవాళ్ళు అడిగితే, ఎడింబరోలో మా సర్జను గారని ఫోర్డైస్ జవాబిచ్చాడు. బెతియాకి ఆ సంగతి తెలిసి నవ్వుకుంది. కాస్త గుచ్చుకున్నా, చాకిరేవు ఆడమనిషి పేరు ఎవడు చెప్పుకుంటాడులే అనుకుంది.

మే నెలలో ఒక శనివారం మధ్యాహ్నం ఎండ కాసింది. బట్టలారేసే వెనక పచ్చికలో ఆడవాళ్ళంతా చేరారు. కింది అంతస్తు దర్జీ పర్వెస్ ప్రతి నెలా పత్రిక కొనుక్కొచ్చి థేన్ కథ పైకి చదివి వినిపించేవాడు. ఆ రోజు కూడా ఒక బల్ల మీద కూర్చుని గొంతు సవరించుకున్నాడు. "ఈ నెల కథ, ఎర్ర దారం గుర్తు."

బెతియా తాడు మీది దుప్పటికి చెక్క క్లిప్పులు పెడుతోంది. చేతులు అక్కడే ఆగాయి.

కథలో ఊరు వేరు. ఓడరేవులో సత్రం నడిపే ఆడమనిషి. ఆమెకి లేకలేక పుట్టిన పిల్ల. ఛాతీ జబ్బు కూతురు. పాల మరక మాట పత్రికలో రాయడానికి వీల్లేక కాబోలు, దాన్ని చేతితొడుగు మీద కన్నీటి మరక చేశాడు. కన్నీరు అలా మరక కట్టదని ఏ చాకలైనా చెప్తుంది. కానీ ఎర్ర దారం అలాగే ఉంచాడు. మంచు కురిసిన వారం ఉంచాడు. సత్రం గడప మీద తెల్లమట్టితో వేసిన ముగ్గు కూడా ఉంచాడు. ఒకదాంట్లో ఒకటి దూరిన మూడు ముళ్ళు. గ్లోవర్స్ సందులో అందరూ గడపకి తెల్లమట్టి పూస్తారు, చుట్టలు గీస్తారు. మూడు ముళ్ళు వేసేది ఐసా ఒక్కతే. వాళ్ళ అమ్మ నేర్పింది.

పర్వెస్ చదువుతూ చదువుతూ చివరికొచ్చాడు. "థేన్ తొడుగు బల్ల మీద పెట్టి అన్నాడు, మనిషి దాస్తాడు, బట్ట దాచదు." అంటూనే దర్జీ గొంతు సన్నబడింది. ఆ మాట ఎవరిదో ఆ పచ్చికలో అందరికీ తెలుసు. ఇరవై ఏళ్ళుగా వింటున్నారు.

లిజ్జీ డోడ్స్ ముందు ఐసా వైపు చూసింది, తర్వాత గోడ మీద ఆడుకుంటున్న ఐసా చిన్నపిల్ల, ఎనిమిదేళ్ళ మేసీ వైపు చూసింది. "అమ్మో" అంది మెల్లగా. "ఆ డాక్టరబ్బాయి మన బెతియా ఇంట్లోనే కదూ ఉన్నాడు."

ఐసా లేచి, పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. తడి బట్టలు బుట్టలోనే ఉండిపోయాయి.

గంట తర్వాత ఐసా వచ్చి బెతియా తలుపు తట్టింది. లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడింది.

"ఎప్పట్నించి తెలుసు?"

"పిల్ల పుట్టిన మూడో వారం నుంచి."

"ఎనిమిదేళ్ళు నా మొహం చూస్తూ మూటలు తీసుకున్నావు. పిల్లకి జ్వరమొస్తే అడిగావు. ఒక్కరోజు కూడా నాకు అనుమానం రాలేదు."

"ఎవరికీ చెప్పలేదు ఐసా."

"ఒకడికి చెప్పావు."

బెతియాకి అబద్ధం నోటికి రాలేదు. "ఒకడికి చెప్పాను."

"దేనికి? వాడేమిచ్చాడు?"

ఏమీ ఇవ్వలేదు. పీట వేసుకుని కూచుని అడిగాడు, అంతే. ఆ మాట పైకి ఎలా చెప్పాలో ఆమెకి తెలియలేదు. ఐసా వంకర వేళ్ళతో శాలువా సర్దుకుని మెట్లెక్కింది.

ఆ వారంనుంచే మొదలైంది. తాడు మీద ఆరేసిన దుప్పట్ల మీద పై కిటికీలోంచి ఎవరో బూడిద కుమ్మరించారు. మళ్ళీ ఉతికింది. తాడు కోసేశారు. ముడివేసింది. మెట్లవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు మూటలు ఆపేశారు. "అది బట్టలు ఉతకదమ్మా, మన చర్మం ఒలుస్తుంది" అని నీళ్ళ పంపు దగ్గర లిజ్జీ అందరికీ వినపడేలా అనేది. బెతియా కూడా ఊరుకునే రకం కాదు. "నీ చర్మం ఒలిస్తే ఏముందే, కింద కూడా మురికే" అని బకెట్టు నింపుకుని పోయేది. ఇంటికొచ్చాక మాత్రం తలుపుకి గడియ పెట్టుకునేది.

ఐసా పెద్దకూతురు టీనీకి ఇప్పుడు పాతికేళ్ళు వస్తున్నాయి. రొట్టెల బండి తోలే ఈవన్ బెగ్ అనే అతనితో శరత్కాలంలో పెళ్ళి అనుకున్నారు. అతని బండి రోజూ సందు మొగలో ఆగేది, గుర్రం గంట వినపడగానే టీనీ దిగి వచ్చేది. జూన్‌లో బండి దారి మార్చుకుంది. ఈవన్ రాలేదు, వాళ్ళమ్మ వచ్చింది. మెట్ల మీదే నిలబడి, "పత్రికకెక్కిన పిల్ల మా ఇంటికొద్దు" అని మూడంతస్తులకీ వినపడేలా చెప్పి పోయింది.

ఆ రోజు బెతియా ఇస్త్రీ పెట్టె పొయ్యి మీద పెట్టి మర్చిపోయింది. పరాయివాళ్ళ చొక్కా ఒకటి మాడిపోయింది. ఇరవై ఏళ్ళలో మాడిన మొదటి చొక్కా అది.

జూలైలో ఫోర్డైస్ ఉపన్యాసం ఇవ్వడానికి ఎడింబరో వచ్చాడని పర్వెస్ పత్రికలో చూసి చెప్పాడు. ప్రిన్సెస్ వీధిలో పెద్ద హోటల్లో దిగాడట. బెతియా ఆదివారం చర్చికి వేసుకునే నల్ల గౌను వేసుకుని నడిచి వెళ్ళింది. ద్వారం దగ్గర యూనిఫారం వాడు ఆపాడు. "పనివాళ్ళ దారి వెనకుంది అవ్వా."

"నేను పనికి రాలేదు. ఫోర్డైస్‌కి బెతియా రెన్నీ వచ్చిందని చెప్పు."

పైనుంచి కబురొచ్చింది, పంపించమని. కిటికీ పక్క బల్ల దగ్గర నలుగురు ఆడవాళ్ళతో టీ తాగుతున్నాడు. లావెక్కాడు. ముక్కు ఎరుపు పోయింది. ఆమెని చూసి నిజంగానే సంతోషపడ్డాడు, అది మాత్రం ఒప్పుకోవాలి. లేచి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"చూశారా, మా ఇంటావిడ రెన్నీ గారు. ఈవిడ పోసిన ఓట్స్ గంజితోనే నేను డాక్టరునయ్యాను."

ఆడవాళ్ళు ముచ్చటగా నవ్వారు. గంజి అన్నాడు. కన్ను అనలేదు.

"నీతో మాట్లాడాలి నినియన్."

పక్కకి తీసుకెళ్ళాడు. ఆమె సంగతంతా చెప్పింది. ఐసా, టీనీ, బండి, బూడిద. అతని మొహం ముందు పాలిపోయింది, తర్వాత గట్టిపడింది.

"నేను ఓడరేవు ఊరు పెట్టాను కదమ్మా. పేర్లన్నీ మార్చాను."

"ముగ్గు మార్చలేదు."

"అది అందంగా ఉందని…" ఆగాడు. "చదివేవాళ్ళు లక్షమంది. అందులో ఒక్క సందువాళ్ళు పోల్చుకుంటారని నేనెలా అనుకుంటాను?"

"అందరి గుట్టూ కనిపెట్టే మనిషిని పుట్టించావు. ఇది కనిపెట్టలేకపోయావా?"

"నేనేం చెయ్యాలంటారు?"

"నాతో రా. ఐసా ఎదురుగా నిలబడి తప్పు నాదని చెప్పు. పేర్లొద్దని నేనంటేనే బెతియా చెప్పిందని చెప్పు. ఈవన్ తల్లి దగ్గరికెళ్ళి, నేను కల్పించి రాసిన కథ అని చెప్పు."

అతను కిటికీలోంచి ఎదురుగా కొండ మీది కోట వైపు చూశాడు. "అలా వెళ్తే కథ నిజమని నేనే ఒప్పుకున్నట్టు అవుతుంది. పత్రికలవాళ్ళు వెంటపడతారు. ఆ కుటుంబానికే ఇంకా చేటు. వాళ్ళ మంచికే చెప్తున్నాను."

అది నిజం కూడా కావచ్చు. అందుకే ఆమెకి ఇంకా ఒళ్ళు మండింది.

"ఇన్నాళ్ళూ ఆ సర్జను పేరు చెప్తున్నావని లోపల బాధగా ఉండేది. అదే చెప్పుకో. నా పేరు ఎప్పుడైనా నీ నోట వచ్చిందో, లండన్ వచ్చి మరీ చెంప పగలగొడతాను."

అతను సంతకం పెట్టిన పుస్తకం ఒకటి ఆమె చేతిలో పెట్టబోయాడు. తీసుకోలేదు. కార్పెట్ మీద పడింది. అతనే వంగి తీసుకోవాల్సి వచ్చింది.

తిరిగొచ్చేసరికి సందులో పిల్లలు మేసీ చుట్టూ చేరి పాట కట్టి పాడుతున్నారు. అమ్మెవరే, అక్కెవరే అని. మేసీ ఏడవలేదు. రాయి ఒకటి పిడికిట్లో బిగించి చూస్తోంది. మెట్ల మీదనుంచి టీనీ దిగింది. చేతులకి పిండి ఉంది. పిల్లల్ని తరమలేదు. మెట్టు మీద కూర్చుని మేసీని ఒళ్ళోకి లాక్కుంది. ఎనిమిదేళ్ళ పిల్ల, కాళ్ళు నేలకి తగులుతున్నాయి.

"ఇది నా కూతురు" అంది, పై కిటికీలన్నిటికీ వినపడేలా. "నేనే కన్నాను. మా అమ్మ పెంచింది. ఇంక పాడుకోండి, కొత్త చరణం వచ్చిందిగా."

పిల్లలు నోళ్ళు మూసుకుని చెదిరిపోయారు. నాలుగో అంతస్తులో ఒక కిటికీ మెల్లగా మూసుకుంది. బెతియా టీనీ దగ్గరికి నడిచింది.

"టీనీ, నేను వాణ్ణి అడగడానికే వెళ్ళాను."

"అడిగితే ఏమొస్తుంది." టీనీ తల ఎత్తలేదు. "మా అమ్మ ఆ నెలలన్నీ నడుముకి గుడ్డలు చుట్టుకుని కడుపు మోసినట్టే, ఎనిమిదేళ్ళు మోసింది ఈ గుట్టు. నువ్వు మాటల సరదాకి దింపేశావు. నిన్ను తిట్టే ఓపిక నాకు లేదు. మా బట్టలు మాత్రం నీ చేతికి రావు, నేను బతికుండగా."

అలాగే జరిగింది. ఐసా వంకర చేతులతోనే ఉతుక్కోవడం మొదలుపెట్టింది. పిండలేక నీళ్ళు కారుతుండగానే ఆరేసేది. పచ్చికలో ఆ నీళ్ళ చప్పుడు బెతియాకి గదిలోంచి వినపడేది. ఒకసారి తట్టుకోలేక వెళ్ళి దుప్పటి రెండో కొస పట్టుకుంది. ఐసా తన కొస వదిలేసింది. దుప్పటి మట్టిలో పడింది. ఐసా వంగి తీసుకుని మళ్ళీ తొట్టి దగ్గరికి పోయింది.

శీతాకాలానికి బెతియా చేతిలో మూటలు లేకుండా పోయాయి. పెద్దాసుపత్రిలో బట్టలుతికే గదిలో కూలికి చేరింది. అరవైమంది ఆడవాళ్ళు, గుర్రాల్లా ఊపిరి విడిచే ఆవిరి మరలు. అక్కడ దుప్పట్లకి పేర్లుండవు, వార్డు నెంబర్లే. మొదట్లో అలవాటు కొద్దీ మరకలు చూసేది. తర్వాత చూడకుండా బానలో వేయడం నేర్చుకుంది. అన్నిటికంటే కష్టమైన పని అదే అయింది.

టీనీ, మేసీ మరుసటి వసంతంలో డండీ ఊళ్ళో జనపనార మిల్లు పనికి వెళ్ళిపోయారు. ఐసా వెళ్ళలేదు. ఈ మెట్లు దిగలేనంది. మూడు ముళ్ళ ముగ్గు మాత్రం మానేసింది, ఉత్త తెల్లమట్టి పూసి ఊరుకునేది.

రెండేళ్ళ తర్వాత ఒక పత్రిక విలేఖరి సందులోకి వచ్చాడు. పాత సర్జను చనిపోయాడట. ఆంబ్రోస్ థేన్‌కి అసలు మూలం గురించి వ్యాసం రాస్తున్నాడట. ఫోర్డైస్ కుర్రతనంలో ఉన్న ఇల్లు చూడాలన్నాడు. బెతియా పని నుంచి వచ్చి హెర్రింగు చేప వేయించుకుంటోంది.

"ఆ డిటెక్టివు తెలివంతా సర్జను గారిదేనంటారా? మీరేమైనా గమనించారా?"

"సర్జను గారిదే."

"అతను ఇంట్లో ఎలా ఉండేవాడు? ఏవైనా జ్ఞాపకాలు?"

"చొక్కాలు నాలుగు. మేజోళ్ళు ఆరు జతలు. సోమవారం వేస్తే గురువారం ఇచ్చేదాన్ని." విలేఖరి రాసుకోవడానికి పుస్తకం తీశాడు. ఆ పుస్తకం చూడగానే బెతియా మొహం మారిపోయింది. "ఇంక వెళ్ళు బాబూ. ఇక్కడ రాసుకునేదేమీ లేదు."

అతను ఇంకో ప్రశ్న వేయబోతుండగా తలుపు మూసి గడియ పెట్టింది. చేప ఒకవైపు మాడింది. తిప్పి వేసుకుని, నిలబడే తినేసింది. పై మెట్ల మీద ఐసా నీళ్ళ బకెట్టు మోసుకుంటూ మెట్టుకీ మెట్టుకీ ఆగి ఎక్కుతున్న చప్పుడు వినపడింది. బెతియా తలుపు తీయలేదు. తీసినా ఆ బకెట్టు తన చేతికి రాదని ఆమెకి తెలుసు.